అమ్మ కటింగులు

చెల్లీ,

నువ్వు మాట తప్పావు.

ఆ ముక్క ముందు అనేస్తే గానీ కుశలం రాయడానికి చెయ్యి రాలేదు. ఈ ఏడాది పండుగకి మన రెండిళ్ళ మధ్య కొన్న వస్తువు ఒక్కటి కూడా తిరగకూడదు, ఇచ్చేదేదైనా చేత్తో చేసిందో, ఇంట్లో ఉన్నదో అయ్యుండాలి అని ఆర్నెల్ల కింద ఒప్పందం చేసుకున్నాం. "సరేలే అన్నయ్యా, నీ చాదస్తం కూడా ఒక్కోసారి బాగానే ఉంటుంది" అని రాసి సంతకం పెట్టింది నువ్వే. ఆ ఉత్తరం నా సొరుగులో భద్రంగా ఉంది. తీరా మొన్న శనివారం పోస్టుమాన్ నాలుగంతస్తులు ఎక్కి, రొప్పుతూ, గుమ్మంలో దించిన పార్సిల్ చూస్తే, మీ ఊళ్ళో ఒక దుకాణం ఖాళీ అయిపోయి ఉంటుందనిపించింది.

ఇక కుశలం. నేనూ మీ వదినా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, బావ, పిల్ల బాగున్నారని తలుస్తాను. నీ మెడనొప్పి తగ్గిందని కూడా తలుస్తాను, తగ్గలేదని తెలిసినా.

పెట్టె విప్పితే లోపల ఇంకో పెట్టె. దాని చుట్టూ బుడగల ప్లాస్టిక్కు. అది చీలిస్తే మెరుపు కాగితం. ఆ మెరుపు నా గడ్డంలో చేరి ఇవాళ్టికీ వదల్లేదు. నాకేదో నాటకంలో వేషం దొరికిందని ప్రెస్సులో అందరూ అనుకుంటున్నారు. మెరుపు కాగితం లోపల రంగులు మార్చే బల్బుల తీగ ఒకటి, వాడి పారేసే ప్లేట్లు ఒక కట్ట, నాకో రెడీమేడ్ చొక్కా. ఆ చొక్కాకి మళ్ళీ ఒక ప్లాస్టిక్ సంచి, వీపు వెనక అట్ట, మెడ కింద పట్టీ, తొమ్మిది గుండుసూదులు. ఎనిమిది నేను తీశాను. తొమ్మిదోది ఎక్కడుందో తొడుక్కున్నాక తెలిసింది.

"ఒక్క చొక్కాని నిలబెట్టడానికి ఇంత సరంజామానా? శవానికి కూడా ఇంత చుట్టరు" అని అరిచాను.

"ముందు బీపీ మాత్ర వేసుకోండి. తర్వాత ఎంతసేపు అరిచినా నాకు అభ్యంతరం లేదు" అంది మీ వదిన.

అన్నయ్య తిట్టేది లోకాన్నిలే, నన్ను కాదులే అనుకుంటున్నావేమో. నిన్నే. మిగతావాళ్ళకి తెలియదు, నీకు తెలుసు. పండుగలు దగ్గర పడితే మీ ఫ్యాక్టరీలో పది గంటల షిఫ్టు పన్నెండవుతుందని, ఎవరో హాయిగా సెలవు పెట్టుకుని కొత్త చొక్కా తొడుక్కోవడానికి మీ వరసలో నలభై మంది ఆడవాళ్ళు సెలవు లేకుండా కుడతారని నీకు తెలుసు. పన్నెండేళ్ళుగా నీ చేతికి కాలర్లు, కాలర్లు, కాలర్లే. అలాంటి నువ్వు మీ ఫ్యాక్టరీ చొక్కానే కొని నాకు పంపుతావా? పైగా చవకగా వచ్చిందని రాశావు. చవక ఎందుకయింది తల్లీ? మిగతా ధర నీ మెడ కట్టింది.

ఈ ఉత్తరం చూడు. పాత ప్రూఫుల వెనక రాస్తున్నాను. ముందు వైపు పశువుల మేత మీద ఎవరో రాసిన పుస్తకం. నా రాత నచ్చకపోతే తిప్పి అది చదువుకో. ముప్పయ్యేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నవాణ్ణి, కాగితానికి రెండు వైపులుంటాయని నాకెవరూ నేర్పక్కర్లేదు.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. వరసగా జవాబిస్తాను.

మొదటిది, వదిన మోకాలు. మెరుగే. లాండ్రీలో రోజంతా నిలబడి ఇస్త్రీ చేస్తే ఏ మోకాలైనా తిరగబడుతుంది కదా. నేను ఓనరుకి ఘాటైన ఉత్తరం ఒకటి సిద్ధం చేస్తుంటే, అది పూర్తయ్యే లోపే తనే వెళ్ళి అడిగేసిందట: "నేను కూర్చుని ఇస్త్రీ చేస్తే మీ బట్టలకి ముడతలు వస్తాయాండీ?" అని. మర్నాటికి ఎత్తు స్టూలు వచ్చింది. నా ఉత్తరం అలాగే ఉండిపోయింది. మంచి వాక్యాలు కొన్ని వృథా అయ్యాయి.

రెండోది, చొక్కా సరిపోయిందా అని. మెడ దగ్గర కొలిచి కుట్టినట్టుంది, ఒప్పుకుంటాను. ఛాతీ దగ్గర మాత్రం ఇంకో మనిషిని లోపల పెట్టుకోవచ్చు.

మూడో ప్రశ్నకి వస్తాను, తొందరపెట్టకు. ముందు ఇక్కడి పండుగ సంగతి చెప్పాలి. అది తెలియకుండా మూడో ప్రశ్నకి జవాబు అర్థం కాదు.

మన బిల్డింగ్ కమిటీ అధ్యక్షుడు నీకు గుర్తుండే ఉంటాడు. రెండో అంతస్తు, రిటైరైన సర్వేయరు, గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టాని కూడా టేపు పెట్టి మధ్యకి జరిపే మనిషి. ఏటా ఆయన ఆధ్వర్యంలో అద్దె దీపాలు, థర్మాకోల్ నక్షత్రాలు, ఒక్క పూట కోసం ఒక లారీ సామాను. పండుగ అయ్యాక వారం పాటు మెట్ల కింద చెత్త. ఈసారి నేను తీర్మానం పెట్టాను. ఏదీ కొనకూడదు, అద్దెకి తేకూడదు. అలంకరణ ఇంట్లో ఉన్న కాగితంతో, గుడ్డతో. ఎవరింట్లో ఏది ఉంటే అది వండి తెచ్చి అందరం కింద వరండాలో కలిసి తినాలి. ఎవరి ప్లేటు వాళ్ళు తెచ్చుకోవాలి, ఎవరిది వాళ్ళు కడుక్కోవాలి. కానుకల బదులు చీట్లు వెయ్యాలి. ఎవరి చీటీ వస్తే వాళ్ళింట్లో పాడైన వస్తువు ఒకటి మనం బాగుచేసి ఇవ్వాలి.

"మాస్టారూ, పిసినారితనానికి సిద్ధాంతం అని పేరు పెట్టకండి" అన్నాడు అధ్యక్షుడు.

"బద్ధకానికి ఆనవాయితీ అని పేరు పెట్టింది ఎవరండీ?" అన్నాను.

"పండుగ పూట బిల్డింగ్ బోసిగా ఉంటే పక్క బిల్డింగ్ వాళ్ళు ఏమనుకుంటారు?"

"వాళ్ళూ మన గురించి ఇలాగే భయపడి దీపాలు కడుతున్నారు. ఒకళ్ళం ఆపితే ఇద్దరం బాగుపడతాం."

అక్కణ్ణించి నేను అందుకున్నాను. చెత్త ఎక్కడికి పోతుందో, ఆ నక్షత్రాలు ఎవరు చేస్తారో, వాళ్ళకి పండుగ ఎప్పుడో అన్నీ చెప్పుకొచ్చాను. మూడో అంతస్తు పెద్దావిడ, ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైందే, అమ్మ చేత తప్ప ఎవరి చేతా గౌను కుట్టించుకోని మనిషి, ఆవిడ మధ్యలో చెయ్యి అడ్డం పెట్టింది.

"అబ్బాయ్, నువ్వు ఆపితే చెయ్యెత్తుతాను. ఆపకపోతే ఎత్తను."

ఆపాను. ఒక్క ఓటు తేడాతో నెగ్గాం. ఆ ఓటు ఆవిడదే.

చీట్లలో నాకు అధ్యక్షుడి గొడుగు వచ్చింది. ఆయనకి మన గోడ గడియారం. నేను గొడుగు ఊచలు ఎంత నిజాయితీగా బిగిస్తానో చూశాకే ఆయన గడియారం విప్పుతాడట.

నెగ్గడం అయింది, ఇక పని మిగిలింది. నాలుగంతస్తుల మెట్ల పొడుగునా వేలాడదీయడానికి కాగితపు లాంతర్లు కావాలి. మొత్తం నలభై. ఒక్కో మలుపులో పది, వాటి మధ్య ఒక బల్బు. కాగితం కోసం అమ్మ గదిలో అలమర పైన ఉన్న మూట దించాను.

ఇక్కడ ఆపుతున్నాను. ప్రెస్సుకి టైమయింది.

బుధవారం

నీ చొక్కాని ఇవాళ మీ వదిన ఇస్త్రీ చేసింది. చేస్తూ చేస్తూ ఆగిపోయింది.

"ఇది చూశారా?"

"ఏముంది, కాలరు."

"ప్రూఫులు దిద్దే కళ్ళేనా ఇవి? అద్దాలు పెట్టుకోండి."

పెట్టుకున్నాను. కాలరు లోపలి మడతలో ఎర్ర దారంతో ఒక ముడి. ఆవగింజంత. అమ్మ వేసే ముడి. తను కుట్టిన ప్రతి బట్టలోనూ ఎక్కడో ఒకచోట అది వేసి, "నా చేతి మీదుగా వెళ్ళిందని బట్టకి గుర్తుండాలి" అనేది కదా.

"ఈ కుట్టు చూడండి, మిగతా కుట్టు చూడండి. కాలరు మొత్తం విప్పి, మీ మెడకి కోసి, మళ్ళీ కుట్టింది పిల్ల. పన్నెండు గంటలు పనిచేసి వచ్చి మీ కోసం ఇంకో కాలరు కుట్టింది. కొన్నదని కదూ ఆ కేకలన్నీ వేశారు?" అంది.

కాబట్టి, చెల్లీ, నువ్వు మాట తప్పలేదు. బల్బుల తీగా, పారేసే ప్లేట్లూ మాత్రం నేరమే, ఆ తిట్టు వెనక్కి తీసుకోను. కానీ చొక్కా విషయంలో తప్పు నాది. ఈ ఉత్తరం చింపేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. పెట్టను. కాగితం దండగ అనేది ఒక కారణం. అసలు కారణం వేరే. ఆ మొదటి పేజీ రాసేటప్పుడు నా దగ్గర ఒక సంగతి ఉంది. అది నీకు చెప్పాల్సి వస్తుందని భయపడి, ముందుగా నేనే గొంతు పెంచాను. ఆ గొంతు నీకు వినిపించాలి. అది నీ మీద కోపం కాదు.

మూడో ప్రశ్న: "అమ్మ కటింగులు దొరికాయా?"

రెండు నెలల కింద నువ్వు మొదటిసారి అడిగావు. "అమ్మ కటింగులు జాగ్రత్తగా తీసి పంపు అన్నయ్యా, నాకు చాలా అవసరం" అని. నా బతుకంతా ప్రెస్సు. కటింగులంటే నాకు ఒకటే అర్థం: పేపర్లో పడ్డది కత్తిరించి దాచుకునేది. అమ్మ నా వ్యాసాలన్నీ అలా దాచేది కదా. ఇన్నాళ్ళకి చెల్లెలికి నా రాత విలువ తెలిసిందని పొంగిపోయాను. డెబ్బై రెండు వ్యాసాలు తేదీల వరసలో పెట్టి, పైన ఒక ముందుమాట కూడా రాసి, రిజిస్టర్ పోస్టులో పంపాను. నువ్వు ఒక్క ముక్క రాశావు: "ఇవి కాదు అన్నయ్యా. అమ్మ కటింగులు." సరే, ఇంకా ఏవో మిగిలిపోయాయన్నమాట అనుకుని మళ్ళీ వెతికి ఇంకో పదకొండు పంపాను. ఇప్పుడు తలచుకుంటే చెవులు కాలిపోతున్నాయి.

శనివారం పార్సిల్లో వచ్చిన ఉత్తరంలో గానీ నువ్వు విడమర్చి రాయలేదు. "మహానుభావా, నీ వ్యాసాలు కాదు. బట్టల కటింగులు. అమ్మ కాగితం మీద గీసి కోసి పెట్టుకున్నవి. చొక్కా, గౌను, కోటు, అన్నీ. అలమర పైన మూటలో." దాని కింద: "పండుగ కాగానే ఉద్యోగం మానేస్తున్నాను. చిన్న గది చూసుకున్నాను, కుట్టు మిషను కుదిరింది. పన్నెండేళ్ళు కాలర్లే కుట్టీ కుట్టీ నా చేతికి మెడ తప్ప మిగతా ఒళ్ళు గుర్తులేదు. అమ్మ కటింగులు ముందుంటే మిగతా మనిషి గుర్తొస్తాడు."

ఆ వాక్యం చదివి అలమర పైకి చూశాను. మూట లేదు. అది ఎక్కడుందో నాకు తెలుసు. మూడు వారాలుగా మెట్ల మీద వేలాడుతోంది.

కాదు, అవి నా ప్రూఫులు, అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం కూడా కాదది. మూట విప్పినప్పుడు నాకు కనిపించినవి నా ప్రూఫులే. ప్రెస్సులో పారేసే పెద్ద షీట్లు నేనే ఇంటికి తెచ్చి అమ్మకి ఇచ్చేవాణ్ణి, గుర్తుందా? వాటిని రెండేసి మూడేసి అతికించి పెట్టుకుంది. ఒక వైపు అచ్చు, మార్జిన్లలో నా ఎర్ర సిరా. అరల్లో పరుచుకోవడానికి దాచుకుందనుకున్నాను. అంచులు వంకరటింకరగా ఉన్నాయి. పోయే ముందు అమ్మకి చెయ్యి వణికేది కదా, తిన్నగా కొయ్యలేకపోయింది పాపం అనుకున్నాను. జాలిపడ్డాను కూడా, విన్నావా? జాలిపడి, స్కేలు పెట్టి, ఆ వంకరలన్నీ తీసేశాను. మెడ వంపులు, చంక వంపులు, భుజం వాలు, అన్నిటినీ తిన్నగా దిద్దాను. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి తిప్పి చూడలేదు. నా వైపు మాత్రమే చదివాను.

ఆదివారం సాయంత్రం లాంతర్లు వెలిగించి చూద్దామని అందరం మెట్ల మీదికి చేరాం. కరెంటు పని తెలిసిన కుర్రాయన స్విచ్ వేశాడు. బాగున్నాయి చెల్లీ, నిజంగా బాగున్నాయి. అధ్యక్షుడు కూడా తల ఊపాడు. వెలుతురు కాగితంలోంచి వచ్చేసరికి ముందు వైపు అచ్చు మీదికి వెనక వైపు పెన్సిలు రాత తేలింది. గుండ్రటి అక్షరాలు, వెనక నుంచి కాబట్టి తిరగబడి. మూడో అంతస్తు పెద్దావిడ ఒక లాంతరుని చేత్తో తిప్పి, లోపలి వైపు చూసి, కూడబలుక్కుంటూ పైకి చదివింది:

"మూడో అంతస్తు ఆవిడ. నడుము ముప్పై రెండు అంటుంది. నమ్మకు. మూడు కలుపు."

మెట్లు ఘొల్లుమన్నాయి. అందరికంటే గట్టిగా నవ్వింది అధ్యక్షుడు. నవ్వుతూనే పక్క లాంతరు తిప్పాడు. "సర్వేయరు. తన కొలతలు తనే కొలుచుకుని కాగితం మీద తెచ్చాడు. అన్నీ తప్పు."

ఇక ఎవరూ ఆగలేదు. ఎవరి లాంతరు వాళ్ళు వెతుక్కుంటూ పైకీ కిందికీ పరుగులు. నాది నాలుగో మలుపులో దొరికింది. "పెద్దాడు. తిన్నగా నిలబడడు, వాదిస్తాడు. వాదించేటప్పుడు ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. ఊరుకున్నాక కొలవాలి." నువ్వు పంపిన చొక్కా ఎందుకు వదులైందో అప్పుడు తెలిసింది. నువ్వు నన్ను ఆఖరుసారి చూసినప్పుడు కూడా మనం వాదించుకుంటూనే ఉన్నాం.

మీ వదిన ఒక్కతే నవ్వలేదు.

"ఇవి అత్తయ్య కటింగులు. ఏం చేశారండీ మీరు?"

పెద్దావిడ లాంతరు అంచు మీద వేలు పెట్టి నడిపింది. "ఎవరు కోశారు ఇంత తిన్నగా?"

"నేనే."

"స్కేలు పెట్టి?"

"స్కేలు పెట్టి."

ఒక్కొక్కళ్ళే లాంతర్లు వదిలి మెట్లు దిగిపోయారు. ఏమైనా అంటే జవాబు చెప్పేవాణ్ణి. అనకపోతే నాకు ఏం చెయ్యాలో తెలియదు.

ఆడవాళ్ళ శ్రమ గురించి ముప్పయ్యేళ్ళుగా రాస్తున్నాను. నీకు పంపిన డెబ్బై రెండింటిలో పద్దెనిమిది దాని మీదే, లెక్కపెట్టుకో. నా ఇంట్లో, నా ప్రూఫుల వెనకే, ఒక మనిషి నలభై ఏళ్ళ పనిని గీసి, కోసి, మాటల్లో రాసి పెట్టుకుంటే అరలో పరిచే కాగితం అనుకున్నాను. వాడిన కాగితాన్ని మళ్ళీ వాడండి అని వీధి వీధికీ చెప్పుకొస్తున్నాను. నాకంటే ముందే అమ్మ వాడేసింది. పారేసే ముందు ఎంత ఆలోచిస్తామో, మళ్ళీ వాడే ముందు కూడా అంతే ఆలోచించాలని నేను ఏ వ్యాసంలోనూ రాయలేదు. ఇకమీద రాస్తాను. ముందు దిద్దుతాను.

శనివారం

ఈ మూడు రోజులూ ఉత్తరం ముట్టుకోలేదు. చేతులు జిగురుతో ఉన్నాయి.

ఆదివారం సంగతి పైన చెప్పానే, ఆ మర్నాడే లాంతర్లు దించేశాం. నలభైలో ఏడు అసలు లేవు. పై కిటికీ దగ్గరివి వానకి నాని ముద్దయిపోయాయి. మిగతా ముప్పై మూడూ విప్పాం. మీ వదిన తడిగుడ్డ కప్పి ఒక్కొక్క దాన్నీ ఇస్త్రీ చేసింది, లాండ్రీలో పన్నెండు డజన్ల దుప్పట్లు చేసి వచ్చిన చేత్తో. ఇక, కోయగా మిగిలిన ముక్కలు. నా సంగతి తెలుసుగా, ఏదీ పారెయ్యను. అవన్నీ ఒక సంచిలో పడేసి ఉంచాను. వంపులన్నీ ఆ ముక్కల్లోనే ఉన్నాయి చెల్లీ! లాంతర్లయ్యాక వేసిన చీట్లకి వాటిలో కొన్నిటిని వాడాను. "మీ చీటీ వెనక్కి ఇవ్వండి" అని ఇల్లిల్లూ తిరిగాను. ఒక్కరు కూడా పారెయ్యలేదు. అధ్యక్షుడైతే నా గడియారం చీటీని పర్సులో మడిచి పెట్టుకున్నాడు.

ఆయన సంగతి చెప్పాలి. మంగళవారం టేపూ, భూతద్దం, గీతల కాగితం పట్టుకుని వచ్చి అమ్మ గదిలో నేల మీద కూర్చున్నాడు.

"మాస్టారూ, మీరు పక్కకి జరగండి. ఇది సరిహద్దు తగాదా. నా పని."

ముక్క అంచు చూసి అది ఏ చంకదో చెప్పేస్తున్నాడు. "అన్నీ తప్పు" అన్న మాట బాగా గుచ్చుకున్నట్టుంది, ఒక్కోటి మూడుసార్లు కొలిచి గానీ అతకనివ్వడు. ముప్పై మూడింటిలో పంతొమ్మిది పూర్తిగా కుదిరాయి. తొమ్మిదింటికి అక్కడక్కడా ఖాళీలున్నాయి. ఐదు ఏవిటో ఎవరికీ అంతుపట్టలేదు. అవి నీకే తెలియాలి.

పోయినవాటికి ఒక దారి పెద్దావిడ చెప్పింది. "మీ అమ్మ కుట్టిన బట్టలు నా దగ్గరున్నాయి. కాగితం పోతే పోయింది, బట్ట ఉందిగా. కుట్టు విప్పి కాగితం మీద పరిచి గీస్తే అదే కటింగు." అని తన నీలం గౌను తెచ్చి నా ఒళ్ళో వేసింది, చేతిలో పాత బ్లేడు పెట్టింది. నేను విప్పడం మొదలుపెట్టి పావుగంట కాకముందే నా చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"లాగకు అబ్బాయ్! ఇది వ్యాసం కాదు. ఒక్కొక్క కుట్టూ తెంపు."

ఒక్కొక్క కుట్టూ తెంపాను. నడుము దగ్గరికి వచ్చేసరికి ముప్పై అయిదు. ఆవిడా చూసింది, నేనూ చూశాను. పొట్ట లోపలి మడతలో ఎర్ర ముడి. అది మాత్రం తెంపలేదు.

మర్నాటికి అందరూ తేవడం మొదలుపెట్టారు. కోట్లు, చొక్కాలు, పిల్లలకి పొట్టయిపోయిన గౌన్లు. ఇప్పటికి పదకొండు విప్పాను. నాకు సూది ఎక్కించడం కూడా రాదని నీకు తెలుసు. విప్పడం వచ్చింది. పండుగ లోపల ఇంకో ఆరు విప్పుతాను, రాసిపెట్టుకో.

అతికించిన కటింగుల జిగురు ఆరాలి కదా. మెట్ల పొడుగునా పురికొస కట్టి, క్లిప్పులు పెట్టి వేలాడదీశాం. కింద నుంచి పైదాకా కాగితపు చేతులు, వీపులు, భుజాలు. ఎవరు ఎక్కినా తమది ఎక్కడుందో చూసుకుంటూ ఎక్కుతున్నారు. నిన్న నేనే అడిగాను అధ్యక్షుణ్ణి, లాంతర్లు పోయాయి కదా, అద్దె దీపాలు తెప్పిస్తారా అని. నా వంక చూసి, "మాస్టారూ, మీకు బుద్ధి ఉందా?" అన్నాడు. మా తీర్మానం ఇంత ఏకగ్రీవంగా ఎప్పుడూ నెగ్గలేదు.

ఇంకొకటి మిగిలింది. చిన్నపిల్లల కటింగులు లాంతరుకి చాలవని అప్పుడు నేను పక్కన పెట్టేశాను. అందుకే వాటికి నా స్కేలు తగల్లేదు. వాటిలో నీది ఉంది, ఎనిమిదేళ్ళప్పటిది. వెనక ఇలా రాసి ఉంది: "చిన్నది. ఎడమ భుజం అరంగుళం దిగువ. దానికి తెలియనివ్వకు. లోపల ఇంకో పొర వేసి సర్దు."

చెప్పాలా వద్దా అని రెండు రోజులు నాతో నేనే వాదించుకున్నాను, ఛాతీ పెరగకుండా. అమ్మ వద్దంది. కానీ అప్పుడు నీకు కుట్టేది అమ్మ. ఇకమీద నీకు నువ్వే కోసుకుంటావు, నీకు తెలియాలి. నీ పాత గౌన్లు ఏవైనా ఉంటే తీసి చూడు. ఎడమ వైపు ఒక పొర ఎక్కువ ఉంటుంది. ఆ తర్వాత నువ్వు పన్నెండేళ్ళు ఆ భుజంతోనే మిషను మీద వంగావు. నీ మెడనొప్పికి డాక్టరు ఇప్పటిదాకా కారణం చెప్పలేదన్నావుగా, ఇది కూడా చెప్పి చూడు.

క్షమించమని అడగను. క్షమాపణ రాయడం నాకు చాలా తేలిక, అందుకే దాన్ని నమ్మకు. డిమాండ్లు రాస్తున్నాను. ఒక్కటి కూడా తగ్గించను.

ఒకటి. ఉద్యోగం మానెయ్యడం వాయిదా వెయ్యకు. అనుకున్న రోజే నోటీసు ఇవ్వు.

రెండు. బల్బుల తీగా, ప్లేట్లూ సోమవారం తిరుగు పార్సిల్లో వస్తాయి. కొన్న కొట్టులోనే తిరిగిచ్చెయ్. చొక్కా పంపను.

మూడు. అమ్మ నీకు కుట్టిన బట్టలు చిరిగినవీ, పొట్టివీ, అన్నీ మూటగట్టు. ఉతక్కు, ఇస్త్రీ చెయ్యకు. కుట్టు గుర్తులు పోతాయి.

నాలుగు. ఆ మూట పోస్టులో వెయ్యకు. బావనీ పిల్లనీ తీసుకుని పండుగకి నువ్వే పట్టుకురా. కటింగులు నీ చేత్తో దించుకునే దాకా మెట్ల మీదే ఉంటాయి.

ఐదు. మీ ప్లేట్లు మీరే తెచ్చుకోండి.

ఆరు. విప్పిన బట్టలు పదిహేడవుతాయి. మళ్ళీ కుట్టే మనిషి ఈ బిల్డింగులో లేదు. అవి నీ కొత్త గదికి మొదటి పని. కాలర్లు మాత్రమే కాదు, మొత్తం మనుషులు.

ఏడు. వచ్చిన రోజే టేపు తెచ్చి నన్ను కొలువు. నేను మాట్లాడను.

ఇట్లు,
నీ అన్నయ్య